పాత తుపాకిని చేసినవారెవరు?

పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు పంచారామములలో నొకటియైన క్షీరారామమునకు ప్రసిద్ధి కెక్కినది. ఆ యూరికి మరియొక చరిత్రయు కలదు. 17వ శతాబ్ది ఆరంభమున సముద్రముమీదుగా వచ్చి మచిలీపట్టణమున దిగిన డచ్చివారు, అనగా తెలుగువారు ఒలందులని పిలిచినవారు, 1613లో పాలకొల్లున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. గోదావరి డెల్టాలో నేసిన వస్త్రములను కొని యోడల కెక్కించుట వారి ముఖ్యవ్యాపారము. ఇంగ్లీషువారికిని వారికిని 1824లో జరిగిన ఒడంబడికతో ఈ దేశమునందలి డచ్చి స్థావరములు ఇంగ్లీషువారి వశమయ్యెను.

1602లో స్థాపింపబడిన ఆ డచ్చి వర్తకసంఘమునకు ఒక ముద్ర కలదు. వి, ఓ, సి అను మూడక్షరములను ఒకదానిపై నొకటి యల్లి చేసిన ముద్ర యది. దానిపై మరియొక చిన్న అక్షరముండిన, అది సంఘములోని ఏ శాఖదో తెలియును. ఆంస్టర్‌డాం శాఖకు 'ఏ' గురుతు. కాసులపైనను, పింగాణి పాత్రలపైనను, ఫిరంగులపైనను, తుపాకులపైనను ఆ ముద్ర కనబడును. అట్టి తుపాకి యొకటి చేతికి వచ్చినవాడు, 'దీనిని చేసినవారు ఒలందుల కంపెనీవారు' అని చెప్పి యూరకుండును. కాని ఆ ముద్ర చెప్పునది తుపాకి ఎవరి సొత్తు అనుమాట మాత్రమే. ఇనుమును సాగగొట్టి గొట్టము చేసినవా డెవడు, కొయ్యను చెక్కినవా డెవడు, కమానులకు పదును పెట్టినవా డెవడు? ముద్రలో ఆ పేర్లు లేవు.

పాలకొల్లు, నరసాపురము ప్రాంతముల వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అచ్చట వేలకొలది స్త్రీలు ఇంటి అరుగులమీద కూర్చుండి లేసు అల్లుదురు. ఆ లేసు విదేశములకు పోవునపుడు పెట్టెపై ఎగుమతిదారుని పేరుండును గాని, అల్లిన చేతుల పేరుండదు. పాత తుపాకుల విషయమును ఇట్టిదే. అయితే తుపాకిలో ఒక సదుపాయము కలదు. ఇనుమును కొయ్యయు తమపై పడిన గురుతులను చాలకాలము దాచుకొనును. వెదకుట తెలిసినవానికి అవి పలుకును.

ఇచట చెప్పబోవునది మూతినుండి మందు దట్టించు తుపాకులను గూర్చి. వీనిలో మొదట కొలిచిన మందును పోసి, పిదప నూనెగుడ్డ చుట్టిన సీసపు గుండును మూతిలో నుంచి, పొడవైన కడ్డీతో అడుగంట నొత్తుదురు. గొట్టము అడుగున ప్రక్కగా నొక సన్నని రంధ్రముండును. దానిని తుపాకి చెవి యందురు. చెవివెలుపల నున్న చిన్న పళ్లెములో రంజకము, అనగా అంటించుటకైన మెత్తని మందు, పోయుదురు. మీట నొక్కగనే చెకుముకిరాతిని కరచుకొన్న గుఱ్ఱము ముందునకు దూకి ఉక్కురేకును గీయును. (ఈ గుఱ్ఱము ఇనుపముక్కయే, ఎదురుగా దూకుటచే దాని కాపేరు వచ్చి యుండును.) నిప్పురవ్వలు రంజకముపై బడి, ఆ మంట చెవిగుండ లోనికి ప్రాకి, మందు పేలును. గుఱ్ఱము, ఉక్కురేకు, కమానులు ఒక యినుప పలకకు బిగించియుండు ఈ యంత్రమునకు ఇంగ్లీషున లాకు అని పేరు. గొట్టము, లాకు, కొయ్యపిడి: తుపాకి యనగా ముఖ్యముగా ఈ మూడే. గొట్టములోపల మెలిక తిరిగిన గాడులు చెక్కినచో గుండు బొంగరమువలె తిరుగుచు తిన్నగా పోవును. అట్టిదానిని రైఫి లందురు.

నాటి ధనికులు ఇట్టి తుపాకిని దుకాణమున నున్నది కొనువారు కారు. చొక్కాకు కొలత లిచ్చినట్లు తమ చేతి పొడవు, మెడ వంపు, కంటిచూపు కొలిపించుకొని చేయించుకొనెడివారు. ఒకరి కొరకై చేసిన ఆ తుపాకి, కాలక్రమమున వారి వారసుల చేతినుండి వేలములకు, వేలములనుండి ఇతరుల ఇండ్లకు చేరెను. చేయించుకొన్నవాని పేరు మరుగుపడినది; చేసినవాని పేరు సందేహములో పడినది. రెండవ చేతికి వచ్చిన అట్టి తుపాకిని చేసినవారి నెట్లు కనుగొనుట అనునదే ప్రశ్న.

పేర్లను వెదకుటకు పూర్వము చేయవలసిన పని యొకటి యున్నది. తుపాకిలో మందు దట్టించి యున్నదేమో చూడవలెను. గోడకు వ్రేలాడిన తుపాకిలో తాతలనాటి మందు పొడిగా నిలిచియుండి, ముట్టుకొన్నవాని ప్రాణము తీయవచ్చును. తెలిసినవారు మూతిని మనుష్యులవైపు తిప్పక, కడ్డీని మొదట గొట్టమునకు వెలుపల ఆనించి మూతినుండి చెవివరకు గల పొడవును గురుతు పెట్టుకొందురు. తరువాత కడ్డీని లోనికి జారవిడుతురు. గురుతువరకు దిగినచో గొట్టము ఖాళీ. రెండు మూడు అంగుళములు పైననే ఆగినచో లోపల మందును గుండును ఉన్నట్లే. ఇది పిల్లలు చేయదగిన పని కాదు. భారతదేశమున 1959 నాటి ఆయుధముల చట్టము కలదు. మూతినుండి దట్టించు తుపాకిని వాడుటకును లైసెన్సు ఉండవలసినదే.

ఇక పేరు. సాధారణముగా మొదట కంటబడు పేరు లాకు పలకపై నుండును. మోసపోవుటయు అచటనే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 18వ శతాబ్దిలో స్థిరపడిన జర్మను పనివారు పొడవైన రైఫిళ్లు చేసిరి. చారలుగల మేపిల్ కొయ్యపై ఇత్తడి పని చేసి అందముగా తీర్చిన ఆ రైఫిళ్ల లాకులపై చాలసార్లు 'కెట్లండ్' అను పేరు కనబడును. కెట్లండువారు ఇంగ్లండులోని బర్మింగుహాము వర్తకులు. ఆ రైఫిళ్లను చేసినవారు వారు కారు. లాకులు మాత్రము పెట్టెలకొలది ఓడలలో అమెరికా చేరెను. అచటి కమ్మరి లాకును కొని, తన గొట్టమునకు, తన కొయ్యకు బిగించెను. తన పేరు వ్రాసికొనదలచినచో గొట్టము పైభాగమున పొడి అక్షరములతోనో గొలుసు వ్రాతతోనో చెక్కుకొనెను. పేరు చెక్కనివారును పెక్కుమంది. కాబట్టి లాకుపై పేరు చదివి తీర్పు చెప్పువాడు, బండిచక్రపు పట్టాపై నున్న ఇనుప కంపెనీ పేరును చూచి బండి చేసిన వడ్రంగి అతడే యనువానికి సాటి.

బర్మింగుహాములోనైనను తుపాకి ఒకరి చేతిపని కాదు. గొట్టమును సాగగొట్టువాడొకడు, తొలుచువాడొకడు, గాడులు చెక్కువాడొకడు. లాకులను డార్లస్టను మొదలగు చుట్టుపట్ల ఊళ్లలో కమ్మరులు చేసి పంపుదురు. కొయ్య చెక్కువాడు, మరలు బిగించువాడు, నగిషీ చెక్కువాడు, గొట్టమునకు గోధుమరంగు పట్టించువాడు వేరువేరు. ఒకే తుపాకి ఇన్ని వాకిళ్లు తిరిగి తుదకు వర్తకుని దుకాణము చేరగా, అతడు తన పేరు చెక్కించును. పలుచోట్లకు పోవు భాగములు కలిసిపోకుండుటకై పనివారు ఆకురాయితో ఒకటి, రెండు, మూడు గీతలు గీసికొందురు. లాకు విప్పి చూచినపుడు మరలతలలపైనను పలకలోపలను ఒకే విధమైన గీతలున్నచో, ఆ భాగములు మొదటినుండియు ఒకే తుపాకివని నమ్మవచ్చును. గీతలు కలియకున్నచో ఎవరో తరువాత మార్చిరని యర్థము.

గొట్టము విషయము మరింత ఆసక్తికరమైనది. బలహీనమైన గొట్టము పేలి కాల్చినవానినే చంపును గనుక, ఇంగ్లండులో గొట్టములను అధికమైన మందుతో కాల్చి పరీక్షించు ఆచార మేర్పడెను. లండనులో తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించెను. పరీక్షకు నిలిచిన గొట్టముపై వారు కిరీటము క్రింద 'జి, పి' అక్షరములను, కిరీటము క్రింద 'వి' అక్షరమును కొట్టిరి. బర్మింగుహామునకు 1813 నాటి చట్టముచే వేరొక పరీక్షాగృహ మేర్పడినది. దాని ముద్రలో కిరీటముతో పాటు అడ్డముగా పెట్టిన రెండు రాజదండములుండును. ఈ ముద్రలు చేసినవాని పేరు చెప్పవు. కాని ఎచ్చట పరీక్ష జరిగినదో, ఏ కాలమునకు ముందు జరిగియుండదో చెప్పును. 1780లో చేసినదని చెప్పి యమ్మజూపిన తుపాకిపై 1813 నాటి పరీక్షాగృహపు ముద్ర యున్నచో, వర్తకుని మాట అబద్ధమని ఆ ఒక్క గురుతే తేల్చును. కొన్ని గొట్టములపై ఒక అంకె కూడ నుండును. 16 అని యున్నచో, ఆ గొట్టమునకు సరిపడు సీసపు గుండ్లు 16 కలిసి ఒక పౌను తూగునని భావము. అంకె పెరిగినకొలది గుండు చిన్నదగును. ఇది తెలియనివారు తలక్రిందుగా అర్థము చేసికొందురు.

గొట్టమును కొయ్యనుండి లేపి అడుగుభాగము చూచినపుడు అసలు పనివారు బయటపడుదురు. జోసెఫ్ మాంటను అను లండను పనివాడు (1766–1835) నాటి తుపాకి వర్తకులలో మేటి. అతని అన్న జాను మాంటనును అదే వృత్తివాడు. తమ్ముడు చేసినదా, అన్న చేసినదా అని విడదీయుటయే ఒక చిక్కు. వారి తుపాకుల గొట్టములు కొన్నిటి అడుగున 'సి. ఎల్.' అను చిన్న అక్షరములు కనబడును. అవి చార్లెస్ లంకాస్టరు అను గొట్టముల పనివానివి. మాంటను పేరు పైన బంగారముతో పొదిగియుండగా, ఏండ్లకొలది లంకాస్టరు పేరు కొయ్యచాటున చీకటిలో నుండెను. 1826లో జోసెఫ్ మాంటను దివాలా తీసెను. లంకాస్టరు తన పేరిట దుకాణము తెరచి, అప్పటినుండి ఆ పేరును గొట్టముపైననే వ్రాయించెను. మాంటను పనిశాలలో పనిచేసిన జేమ్సు పర్డీయు తరువాత తన పేరుతోనే ప్రఖ్యాతి గాంచెను. ఇట్టి పనిశాలలు ప్రతి తుపాకికిని వరుససంఖ్య వేసినందున, పేరు చెరిగిపోయినను సంఖ్యను బట్టి ఏ సంవత్సరమున చేసినదో రమారమి చెప్పగలుగుచున్నారు.

పేరు గొప్పదైనకొలది దొంగపేరులును పెరుగును. మాంటను పేరు చెక్కిన చవుకరకపు తుపాకులు ఎన్నియో లోకమునకు వచ్చినవి. దొంగపని సాధారణముగా పేరులో తప్పు చేయదు. పేరు చెక్కుట సులభము. అది లోపలి పనిలో దొరకిపోవును. మేటి పనివాడు ఎవరును చూడని కమానువెనుక భాగమునుకూడ నునుపుగా ఆకురాయి పట్టి మెరుగు పెట్టును. నకలు చేసినవాడు పైకి కనబడునంతవరకే మెరుగు పెట్టి, లోపల సుత్తిదెబ్బల మచ్చలను విడిచివేయును.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి తుపాకులు ఆంధ్రదేశమున పెక్కు సంచరించినవి. వానిపై నాలుగు గదులుగా చీల్చిన హృదయాకారపు ముద్రలో వి, ఇ, ఐ, సి అను అక్షరములుండును. ఇందు 'వి' యనునది 'యు' అను అక్షరమునకు పాతరూపము. ఏకమైన కంపెనీ యని దాని యర్థము. 19వ శతాబ్ది మొదటి దశాబ్ది దాటిన పిదప, హృదయముద్రకు బదులు కిరీటమును పట్టుకొని నిలిచిన సింహపు బొమ్మను వేయించిరి. సింహమున్న తుపాకి హృదయమున్న దానికంటె తరువాతిదని ఇట్లు తెలియును. ఈ కంపెనీ తుపాకికి గొట్టము పొడవు 39 అంగుళములు. ఫ్రెంచివారితో యుద్ధము ముదిరి తుపాకులు చాలనప్పుడు ఇంగ్లండు ప్రభుత్వము ఈ నమూనానే తన సైన్యమునకును తీసికొనెను. భారతదేశము కొరకు చేయించిన తుపాకి యూరోపు యుద్ధభూములలో పేలినది! ఇవి మొత్తముగా చేయించినవి. ఒకరి కొలతకు చేసినవి కావు.

శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను కార్ఖానాలలో చేయించిన తుపాకుల తీరు వేరు. పులిచారలు, పులితల వానికి ఆనవాలు. వానిపై చేసిన చోటును సంవత్సరమును చెక్కుట కలదు; కొన్నిటిపై పనివాని పేరును కలదు. అయితే ఆ సంవత్సరము టిప్పు ఏర్పరచిన శకమునకు చెందినది. అంకెలను కుడినుండి ఎడమకు చదువవలెను. ఆ సంగతి యెరుగనివాడు సంవత్సరమును తారుమారు చేయును.

ఊరి పేరు కూడ మనుష్యుని పేరువలెనే మోసగించును. మెలికలు మెలికలుగా నీటి అలవంటి చారలు గల గొట్టములను 'డమాస్కసు' గొట్టములందురు. ఇనుపపట్టీలను ఉక్కుపట్టీలతో పెనవేసి, కడ్డీచుట్టు చుట్టి, కాల్చి అతుకగా ఆ చారలు వచ్చును. ఆ పేరు చూచి అవి సిరియాదేశపు డమాస్కసు నగరమునుండి వచ్చినవని తలచరాదు. చాలభాగము బర్మింగుహామునను బెల్జియములోని లియేజి నగరమునను చేసినవే. డమాస్కసు పేరుతో లోకప్రసిద్ధి గాంచిన కత్తుల కథ ఇంకను చిత్రము. వాని ఉక్కులో కొంత తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము మొదలగు గ్రామములలో మూసల కరగినది. పారశీక వర్తకులు అంతదూరము వచ్చి ఆ ఉక్కును కొనిపోయెడివారు. కత్తికి నగరము పేరు వచ్చినది; మూసను కాచిన కమ్మరికి పేరు రాలేదు.

చెకుముకిరాతి తుపాకులు ఒక తరము తరువాత రూపము మార్చుకొన్నవి. స్కాట్లండు మతాచార్యుడగు అలెగ్జాండరు ఫోర్సైతు దెబ్బతగులగనే మండు మందును తుపాకికి ఉపయోగించి 1807లో దానిపై హక్కును పొందెను. కొంతకాలమునకు ఆ మందును చిన్న రాగిటోపీలో నుంచు పద్ధతి వచ్చినది. ధనము పొదుపు చేయువారు పాత తుపాకిని పారవేయక, గుఱ్ఱమును మార్పించి, పళ్లెమును తీసివేయించి, దానినే టోపీ తుపాకిగా చేయించుకొనిరి. లాకు పలకపై పూడ్చిన రంధ్రముల మచ్చలు అందువలన నిలిచినవి. అట్టి తుపాకికి చేసినవాడొకడు, మార్చినవాడొకడు. మార్చినవాడు తన పేరు చెక్కినచో చేసినవాని పేరు మరింత మరుగుపడును.

పాతవి ఇట్లుండగా, క్రొత్తగా పాతరీతిని చేయు రైఫిళ్లు 20వ శతాబ్దిలో మరల తలయెత్తినవి. అమెరికాలో మూతినుండి దట్టించు రైఫిళ్లపై మక్కువగలవారు 1933లో ఒక జాతీయసంఘము పెట్టుకొనిరి. వర్జీనియాలోని విలియంసుబర్గు పట్టణమున వాలెసు గస్లరు అను కమ్మరి, 18వ శతాబ్దపు పనిముట్లతోనే గొట్టము, లాకు, కొయ్య మూడింటిని తన చేతులతో చేయుటను 1969లో చలనచిత్రముగా తీసిరి. ఇనుపపట్టీని కాల్చి కడ్డీచుట్టు వంచి అతుకుటనుండి నగిషీవరకు అందు చూడవచ్చును. అట్లు అన్నియు ఒకరే చేయుట అరుదు. ఆనాడు పెన్సిల్వేనియా కమ్మరి చేసినట్లే, ఈనాటి పనివారిలో పెక్కుమంది గొట్టమును ఒకచోట, లాకును మరియొకచోట కొని, కొయ్యను చెక్కి, అన్నిటిని కూర్చి, కోరినవారి కొలతకు రైఫిలు చేసి యిత్తురు. వీనిలో కొన్ని పదియేండ్లు గడువకమునుపే చేతులు మారును. కొన్నవాడు 'దీనిని చేసినవారెవరు' అని యడుగును; అమ్మినవాడు తనకు అమ్మినవాని నడుగుమనును.

అట్టి రైఫిలును ఎరిగినవాడు పరీక్షించు క్రమము చూడదగినది. అతడు మొదట లాకు మరలను విప్పి లోపలివైపు చూచును. లాకు చేసిన పనిశాల గురుతు తరచు అచటనే యుండును. తరువాత గొట్టమును పట్టియుంచు సన్నని చీలలను తట్టి తీసి, గొట్టమును మెల్లగా లేపి అడుగున ముద్ర కొరకు వెదకును. కొన్నిచోట్ల గొట్టము చేసినవాని పేరుతో పాటు గుండు కొలతయు చెక్కియుండును. పిడి చివర భుజమున కానించు ఇత్తడిరేకును విప్పుట తుదిపని. కొందరు పనివారు బయట పేరు చెక్కక, ఆ రేకు క్రింది కొయ్యపై పెన్సిలుతో పేరును సంవత్సరమును వ్రాసి మూసివేయుదురు. తుప్పును రుద్దుట, గురుతు కనబడుటకై గరుకు కాగితముతో పామి మెరుగు పెట్టుట ఎన్నడును చేయడు. దుమ్ము దులిపి, దీపమును ప్రక్కనుండి వాల్చి పట్టినచో అరిగిన అక్షరములు నీడలతో లేచివచ్చును.

ఎచ్చటను పేరు దొరకకున్నచో కొయ్యపనియే మిగులును. పిడి వంపు, చెక్కిన ఆకుల తిరుగుడు, గుడ్డపీలికలు దాచుకొను ఇత్తడిపెట్టె మూత యాకారము పరీక్షింపదగినవి. లాంకాస్టరు ప్రాంతపు పనివారు ఒకరీతిగా, ప్రక్క ప్రాంతములవారు వేరొకరీతిగా చేసిరి. శిష్యుడు గురువు చేతి వంపునే నేర్చును. శిల్పము చూచి చాళుక్యులనాటిదో కాకతీయులనాటిదో చెప్పునట్లు, ఈ వంపులను చూచి ప్రాంతమును, ఒక్కొక్కప్పుడు గురువును చెప్పగలవారున్నారు. వారిని నమ్మవచ్చును గాని, పేరు వ్రాసినంత నిశ్చయముగా గైకొనరాదు. పోలిక వేరు, సంతకము వేరు.

పరీక్ష ముగిసిన పిదప నిజాయితీగల పరీక్షకుడు ఒక చీటి వ్రాసి తుపాకితో నుంచును. 'గొట్టము ఫలానా పనిశాలది, అడుగున ముద్ర కలదు. లాకు వేరొకరిది, లోపల గురుతు కలదు. గుఱ్ఱము తరువాత మార్చినది. కొయ్యపని చేసినవాని పేరు దొరకలేదు. వంపును బట్టి ఫలానా ప్రాంతపువాడు కావచ్చును.' లాకుపై బంగారపు అక్షరములతో నున్న గొప్ప పేరు ఆ చీటిలో కడపటి పంక్తిలో, అమ్మిన వర్తకుని పేరుగా మాత్రమే యుండును.